చక్రం మీద అరచెయ్యి

పళ్ళ ల్యాబు మీది గది,
వానలు మొదలైన వారం

మామయ్యకు,

నీ బుర్ర తినడానికే పుట్టిన మేనకోడలు గిలక రాసేది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. అత్తయ్య ఎత్తి, "స్నానం చేస్తున్నారమ్మా" అంటుంది. మొన్న పొద్దున స్నానం, నిన్న మధ్యాహ్నం స్నానం, ఇవాళ సాయంత్రం కూడా స్నానమే. ఇంత శుభ్రమైన లేత్ పనివాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఉత్తరం రాస్తే మాత్రం తిరుగు టపాలో జవాబు రాస్తావు. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

అమ్మ నాకు ఇచ్చేసిన పాత కారు గుర్తుందిగా, మనం పెద్దాయన అని పిలిచేది. ఇంజను గట్టిగానే ఉంది. కానీ యాక్సిలరేటర్ తొక్కితే కాసేపు ఆలోచించి, గొంతు సవరించుకుని, అప్పుడు గానీ లేవడు. ఎత్తు రోడ్డు మీద గేరు మార్చేలోపు ఉన్న ఊపంతా పోతుంది. ఫ్లైవీల్ తేలిక చేస్తే ఇంజను చురుగ్గా లేస్తుందని అందరూ అంటున్నారు. సరే కదా అని కొత్త తేలిక చక్రం ధర అడిగాను. పెద్దాయన్ని అద్దాలతో సహా అమ్మినా ఆ చక్రం రాదు. కొట్టువాడు నా మొహం చూసి కుర్చీ చూపించాడు.

ఇక మిగిలిన దారి ఒక్కటే, ఉన్న చక్రాన్నే లేత్ మీద తిప్పి కోయించి బరువు తగ్గించుకోవడం. ఇక్కడ కోసేవాళ్ళు ఉన్నారు. కానీ రోజంతా కట్టుడు పళ్ళు అరగదీసి కూర్చునే నాకు ఎవరి చెయ్యి ఎలాంటిదో పని చూస్తే తెలిసిపోతుంది. వాళ్ళకి నా చక్రం ఇవ్వను. నేను పుట్టకముందు నుంచీ లేత్ దగ్గర నిలబడ్డవాడివి నువ్వుండగా వాళ్ళెందుకు?

తొందరెందుకంటావేమో. చలికాలం మొదట్లో కొండ దారి మీద పాత కార్ల పోటీ ఉంది. ఒక్కో కారూ ఒంటరిగా పైకి ఎక్కాలి, ఎవరు తక్కువ సమయంలో చేరితే వాళ్ళు గెలిచినట్టు. నా పేరు ఇచ్చేశాను. అమ్మకు చెప్పావంటే నీతో జన్మలో మాట్లాడను.

నీ గిలక


షెడ్డు వెనక టీ బల్ల దగ్గర

గిలకకి, దీవెనలూ ఒక మొట్టికాయా కలిపి పంపుతున్నాను.

పోటీ సంగతి చదివి టీ గ్లాసు పక్కన పెట్టేశాను. మీ అమ్మ నన్ను గోడ మీంచి దింపడానికి కర్ర పట్టుకొచ్చిన అక్క. ఇది తెలిస్తే ఈ వయసులోనూ అదే కర్ర పట్టుకుని నా మీదికే వస్తుంది. నా అంతట నేను చెప్పను. అడిగితే మాత్రం అబద్ధం ఆడలేను, అది నాకు చేతకాదు.

ఫోనంటావా, ఆ గరగరలో మాట్లాడటం నాకు పడదు. కాగితం మీద అయితే నువ్వు చెప్పింది రెండుసార్లు చదువుకోవచ్చు. మీ అత్తయ్యని ఊరికే వేధించకు.

ఇక పని మాట. ఫ్లైవీల్ అంటే ఇంజను వెనక బిగించే బరువైన పోత ఇనుప పళ్ళెం. ఇంజను కుదుపుల్ని మింగి సాఫీగా తిప్పడం దాని ఉద్యోగం. చుట్టూ పళ్ళ పట్టీ ఉంటుంది, స్టార్టర్ పట్టుకునేది దాన్నే. దాని పళ్ళు గట్టివే, నీ ల్యాబుకి పని ఉండదు. బరువు తగ్గిస్తే ఇంజను చప్పున లేస్తుంది, కాలు తీస్తే అంతే చప్పున కూలబడుతుంది. రద్దీలో నత్తనడక నడిచేటప్పుడు ఆగి ఆగి నీ ప్రాణం తీస్తుంది. అప్పుడు నన్ను తిట్టకూడదు.

అంచు దగ్గర తీసిన ఇనుమే లెక్కకొస్తుంది. మధ్యలో తీస్తే లాభం లేదు, బలం పోతుంది. అందుకని వెనక వైపు అంచున మాత్రమే కోస్తాను, క్లచ్ ఆనే మొహాన్ని పైపైన సాపు చేస్తాను. గేర్‌బాక్స్ ఎలాగూ దించుతావు కాబట్టి క్లచ్ ప్లేటూ బేరింగూ కూడా అప్పుడే మార్చెయ్యి, మళ్ళీ దించే కూలి మిగులుతుంది. బోల్టులు మాత్రం కొత్తవే కొను. అక్కడ పిసినారితనం చేస్తే నేను ఊరుకోను. క్లచ్ కవరు కూడా పంపు, రెండూ కలిపి తూకం సరిచేస్తాను.

ఒక్కటి మర్చిపోకు. పాత పోత ఇనుములో సన్నటి పగులున్నా, ఇంజను జోరు మీద ఉన్నప్పుడు చక్రం ముక్కలై ఎగిరిపోతుంది. నీకు చిన్నప్పుడు నేర్పానే, తాడుకి వేలాడదీసి సుత్తితో తట్టడం. మంచిదైతే గంటలా మోగుతుంది, పగిలిందైతే దబ్బుమంటుంది. నా దగ్గరికి రాగానే తట్టి చూస్తాను, కోశాక మళ్ళీ తట్టి చూస్తాను.

మామయ్య


పళ్ళ ల్యాబు మీది గది,
ఎడతెగని వాన

మామయ్యకు,

చక్రం, క్లచ్ కవరు చెక్కపెట్టెలో పెట్టి, చుట్టూ పాత దుప్పటి కుక్కి లారీ పార్సిల్లో పంపాను. అందగానే రాయి.

గేర్‌బాక్స్ దించడం నేనూ మెకానిక్ అన్నా కలిసి చేశాం. వీధి చివర ఆయన షెడ్డుంది, పైకప్పు మాత్రం సగమే ఉంది. కారు కింద పడుకుంటే ఒక భుజం మీద నూనె, ఇంకో భుజం మీద వాన. చక్రం చేతిలోకి తీసుకునేసరికి కాళ్ళు తడబడ్డాయి, అంత బరువు. ఇన్నేళ్ళూ ఈ రోలు మోసుకుంటూ తిరిగాడా మన పెద్దాయన అని జాలేసింది.

అదే సమయానికి అమ్మ చెప్పా పెట్టకుండా దిగింది. నేల మీద గేర్‌బాక్స్, గాల్లో కారు, కింద నా కాళ్ళు చూసి కెవ్వుమంది. కారు నా మీద పడిందనుకుందట. నేను బయటికి పాకి వచ్చాక కూడా కాసేపు నా చెయ్యి వదల్లేదు. క్లచ్ అరిగిపోయిందని చెప్పాను, అది సగం నిజమే. పోటీ ఊసు ఎత్తలేదు.

నిన్న మీ ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య ఎత్తింది. వెనక టీవీ హోరు ఎంతగా ఉందంటే నా మాట నాకే వినపడలేదు. మామయ్యని కాస్త తగ్గించమను అన్నాను. నిన్ను ఒక్క కేక వేస్తే పోయేదానికి, అత్తయ్య ఫోన్ పక్కన పెట్టి, తనే నడిచెళ్ళి తగ్గించి వచ్చింది. మీ ఇద్దరికీ మాటలు లేవా ఏమిటి? పోట్లాడి ఉంటే తప్పు నీదే అయి ఉంటుంది, వెళ్ళి బతిమాలుకో.

నీ గిలక


షెడ్డు, లేత్ పక్కన

గిలకకి,

మీ అత్తయ్యతో పోట్లాటేమీ లేదు. అన్నిటికీ కథలు అల్లకు.

నీ చక్రం అందింది, పని అయిపోయింది. పోత ఇనుము చుట్టలు చుట్టలుగా రాదు, నల్లటి రవ్వలా రాలుతుంది. రోజంతా రాలింది. ముక్కులో నలుపు, గోళ్ళలో నలుపు, ఇంటికెళ్తే మీ అత్తయ్య గుమ్మంలోనే ఆపేసింది. పావు వంతు బరువు తీశాను. ఆశపడితే ఇంకా తీయొచ్చు, కానీ ఆ చక్రం మీద నడిచేది మా అక్క కూతురు. క్లచ్ ఆనే మొహంలో అద్దంలోలా చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, అంత సాపుగా వచ్చింది. ఈ మధ్య ఇంత తృప్తిగా ఏ పనీ చేయలేదు. మా ఓనరమ్మ కూడా వచ్చి వేలితో రాసి చూసి తలూపింది. భర్త పోయాక షెడ్డంతా తనే నడుపుతున్న మనిషి, ఊరికే తలూపదు.

కోసేముందూ కోశాకా తట్టి చూశాను. గంటలా మోగింది. ఇక నిశ్చింతగా బిగించుకో.

బోల్టులు అడ్డదిడ్డంగా కాకుండా ఎదురెదురుగా బిగించండి. మొదటి కొన్నాళ్ళు ఇంజను మీద జులుం చెయ్యకు. మొహానికి నూనె రాశాను, బిగించేముందు తుడిచెయ్యి. పోటీ అయ్యాక ఏం జరిగిందో రాయి. ఓడిపోయినా రాయి, నవ్వుకుంటాను.

మామయ్య


మెకానిక్ షెడ్డు,
కారు పక్కనే కూర్చుని

మామయ్యా,

ఏం రాయాలో తెలియడం లేదు. మోకాలి మీద కాగితం పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

నీ చక్రాన్ని దూలానికి తాడు కట్టి వేలాడదీశాను. సుత్తితో తట్టాను. దబ్బుమంది. తాడు అడ్డమొచ్చిందేమోనని మార్చి కట్టి, ఇంకోవైపు తట్టాను. మళ్ళీ దబ్బుమంది. మూట కట్టిన బట్టల్ని కొట్టినట్టు ఉంది, ఇనుములా లేదు. మెకానిక్ అన్న సుత్తి లాక్కుని తను కొట్టాడు. కొట్టి నా వంక చూశాడు.

కిరోసిన్ పూసి, కాసేపు ఉంచి, పొడిగా తుడిచి, మా ల్యాబులో పళ్ళ అచ్చులకి వాడే తెల్లపొడి పైన జల్లాను. పగులుంటే అందులో దాగింది పొడి మీదికి ఊరుతుందని, ఇది కూడా నువ్వు నేర్పిందే. ముందు ఏమీ కనపడలేదు. తర్వాత తెలుపులోంచి నల్లటి గీత ఒకటి పైకి వచ్చింది. బోల్టు రంధ్రం దగ్గర మొదలై అంచు వైపుకి వేలెడు పొడుగున. నా కళ్ళ ముందే వచ్చింది మామయ్యా.

గంటలా మోగిందని రాశావు. నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. రెండుసార్లు తట్టానని ఉంది. నాకేమీ అర్థం కావడం లేదు.

ఇంకో సంగతి, చిన్నదే. పార్సిల్ విప్పినప్పుడు ఆ సాపు మొహం మీద నీ ఎడమ అరచెయ్యి అచ్చు తుప్పుగా పడి ఉంది, అయిదు వేళ్ళతో సహా. సాపు చేసిన ఇనుము మీద ఉత్త చెయ్యి వేస్తే చెమటకి తుప్పు పడుతుందని నన్ను ఎన్నిసార్లు తిట్టావో. ముసలాడైపోతున్నాడని నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

వెంటనే జవాబు రాయి.

గిలక


షెడ్డు

గిలకకి,

నీ ఉత్తరం చదివి చాలా కోపం వచ్చింది. చల్లారాక రాద్దామనుకున్నాను, చల్లారలేదు.

ఇక్కణ్ణించి వెళ్ళినప్పుడు చక్రం నిక్షేపంగా ఉంది. లారీవాళ్ళు పెట్టెల్ని ఎలా విసురుతారో నీకు తెలియదా? పోత ఇనుము కింద పడితే పగలక ఏమవుతుంది? వెళ్ళి వాళ్ళని అడుగు. లేదంటే నీ మెకానిక్ విప్పేటప్పుడో ఎత్తేటప్పుడో జారవిడిచి నోరు మూసుకుని ఉంటాడు. పైకప్పు సగమున్న షెడ్డులో పని ఎలా ఉంటుందో ఊహించగలను.

ఇన్నేళ్ళలో నా చేతి మీదుగా పోయిన ముక్క ఒక్కటి వెనక్కి రాలేదు. నిన్ను ఎత్తుకుని లేత్ చూపించినవాణ్ణి నేను. సుత్తి ఎలా పట్టుకోవాలో చెప్పినవాణ్ణి నేను. నువ్వు నాకు తట్టి చూడటం గురించి పాఠం చెబుతున్నావా? చెయ్యి అచ్చు పడిందట, అదొక నేరం. పార్సిల్ కట్టేటప్పుడు ఎక్కడో తగిలి ఉంటుంది.

పాత సామాన్ల కొట్లో ఇంకో చక్రం వెతుక్కో. దొరికితే పంపు, కోసిస్తాను. దీని గురించి మళ్ళీ రాయకు.

మామయ్య


పళ్ళ ల్యాబు మీది గది

మామయ్యా,

రాయకు అన్నావు, రాస్తున్నాను. ఆఖరి దాకా చదువు. మధ్యలో చింపెయ్యకు.

లారీవాళ్ళ తప్పు కాదు. పగుల్లోంచి పొడి మీదికి వచ్చింది పాత నల్ల నూనె. మొన్న పడ్డ పగుల్లో ఏళ్ళనాటి నూనె ఎక్కణ్ణించి వస్తుంది? నేను నీకు పంపేటప్పటికే అది పగిలి ఉంది. పంపేముందు నేను తట్టలేదు, నువ్వు తడతావు కదా అని ఊరుకున్నాను. కోసేటప్పుడు ఇనుము పైకి లాగుకుపోయి గీతని కప్పేసింది, కంటికి కనపడి ఉండదు. చెవికి తెలియాలి.

ఇప్పుడు నీకు చెప్పనిది చెబుతాను. నేను తట్టింది బిగించేముందు కాదు.

నీ ఉత్తరంలో గంటలా మోగిందని ఉంది. అది చదివాక తట్టి చూడాలని నాకు తోచనే లేదు. మెకానిక్ అన్న అడిగాడు, ఒకసారి వేలాడదీద్దామా అని. మా మామయ్య చూశాడంటే ఇంక చూసేదేముంది అన్నాను. బిగించేశాం. పోటీకి ముందు ఒకసారి చూద్దామని కొండ దారి ఎక్కాను. పెద్దాయన ఎంత బాగా లేచాడో చెప్పలేను, కాలు పెట్టడం ఆలస్యం, పరుగు. నేను ఒక్కదాన్నే కార్లో కూర్చుని గట్టిగా నవ్వాను. పై మలుపు దగ్గర క్లచ్ పెడల్ మీద కాలు పెడితే అరికాలికి చిన్న వణుకు తగిలింది. మామూలుగా అయితే పట్టించుకునేదాన్ని కాదు. ఎందుకో ఆపేశాను. తాడు కట్టి కిందికి లాక్కొచ్చి, మళ్ళీ గేర్‌బాక్స్ దించాం. అప్పుడు తట్టాను. ఇంకొంచెం తొక్కి ఉంటే ఆ చక్రం ముక్కలు నా కాళ్ళ మధ్యలోంచి వచ్చేవి.

ఆ రోజు నుంచి ఒకటే ఆలోచన. ఎప్పుడు చూసినా స్నానాలు, గోడలు అదిరే టీవీ, కేక వేయకుండా నడిచి వెళ్ళే అత్తయ్య. ఆ చెయ్యి అచ్చు పార్సిల్ కట్టేటప్పుడు పడింది కాదు. కట్టేటప్పుడైతే నూనె మీద పడేది, ఇది నూనె కింద ఉంది. వేళ్ళు బాగా విప్పి, గట్టిగా ఆనించిన చెయ్యి. మా షెడ్డులో ఒక మంచి బ్రేకు డ్రమ్ముని వేలాడదీసి తట్టాను, మోగింది. ఎడమ చెయ్యి దాని మీద ఆనించి మళ్ళీ తట్టాను. మంచి డ్రమ్ము కూడా దబ్బుమంది. చేతికి మాత్రం కాస్త వణుకు తెలిసింది.

నీకు వినపడటం లేదు కదా మామయ్యా? చేత్తో వింటున్నావు కదా?

నాకు కోపం లేదు అని రాస్తే అబద్ధమవుతుంది. చాలా ఉంది. కానీ దానికంటే పెద్ద భయం ఇంకోటి పట్టుకుంది. నా చక్రం ఒక్కటే కాదుగా నువ్వు తట్టింది. మిగతావి ఎవరి బళ్ళలో తిరుగుతున్నాయి?

గిలక


ఇంట్లో, వంటింటి బల్ల మీద

గిలకా,

నీ ఉత్తరం మీ అత్తయ్య నా చేతిలోంచి తీసుకుని చదివింది. చదివి అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడుపు చూశాను. వినపడలేదు.

రెండేళ్ళ పైమాటే. ముందు ఫోను మోత పోయింది, తర్వాత కుక్కరు కూత, తర్వాత మీ అత్తయ్య గొంతు. లేత్ మాత్రం పోలేదు. హ్యాండిల్ పట్టుకుంటే టూలు ఎలా కోస్తోందో అరచేతికి తెలుస్తుంది, నడుము ఆనిస్తే మిషను అదురు తెలుస్తుంది. వినపడకపోతే ఏం, నా పని నాకు తెలుస్తూనే ఉంది కదా అని మిడిసిపడ్డాను. షెడ్డులో చెవులు పనిచేయనివాణ్ణి మిషను దగ్గర నిలబెట్టరు. వెనక నుంచి క్రేను వస్తోందని అరిస్తే తప్పుకోలేడు కాబట్టి. అందుకని ఎవరికీ చెప్పలేదు. మీ అత్తయ్య చేత కూడా అబద్ధాలు ఆడించాను.

తట్టేటప్పుడు చెయ్యి ఆనించేవాణ్ణి. వణుకు తెలిస్తే మోగినట్టే అనుకున్నాను. ఆనించిన చెయ్యే మోతని చంపేస్తుందని పని నేర్చుకుంటున్న మొదటి వారంలో నాకు మా గురువు చెప్పాడు. నీకు నేనే చెప్పాను. మర్చిపోలేదు గిలకా. మర్చిపోదలచుకున్నాను. నాకు గంట వినపడలేదు. గంటలా మోగిందని మాత్రం నీకు రాశాను.

నువ్వు కొండ మీద నవ్వుకుంటూ వెళ్ళావని చదివిన చోటే ఆగిపోయాను. ఆ తర్వాతి వాక్యం చదవడానికి చాలాసేపు ధైర్యం చాలలేదు.

మిగతావి ఉన్నాయి. కొన్ని లారీలవి, ఒకటి పిల్లల్ని బడికి తీసుకెళ్ళే వ్యానుది. మొహం సాపు చేసి ఇచ్చాను, అలాగే తట్టాను. నాలుగు రోజులుగా ఓనరమ్మ దగ్గరికి వెళ్ళి, ఏదో ఒకటి అడిగి, వచ్చేస్తున్నాను. చెబితే లేత్ పోతుంది. లేత్ లేకపోతే నేనెవరిని? ఈ వయసులో షెడ్డు ఊడుస్తానా?

ఇవాళ బడి వదిలే వేళకి ఆ వ్యాను మా షెడ్డు ముందు నుంచి వెళ్ళింది. పిల్లలు కిటికీల్లోంచి చేతులు ఊపారు. వాళ్ళు రోజూ ఊపుతారు. నేను లేత్ ఆపేసి ఓనరమ్మ గదిలోకి వెళ్ళాను.

చెప్పేశాను. ఆవిడ ఏమందో నాకు తెలియదు, పెదాలు చాలాసేపు కదిలాయి. తర్వాత ఆపి, బల్ల మీది సుద్దముక్క తీసుకుని నేల మీద రాసింది. 'వ్యాను ముందు.'

దీని తర్వాతి కాగితం రేపు రాస్తాను.

*

షెడ్డు బయట అరుగు మీద

గిలకా, రాస్తున్నాను.

వ్యాన్ని నిన్నే ఆపించారు. అందినంతవరకు లారీల చక్రాలు కూడా దింపించి తెప్పించారు. పైన క్రేను నడిచే పట్టాలకి తాళ్ళు కట్టి వరసగా వేలాడదీశారు. సుత్తి ఓనరమ్మే పట్టుకుంది. నన్ను ఎదురుగా నిలబెట్టింది. నాకు వినపడదు కాబట్టి ఆవిడ చక్రాన్ని కొట్టినప్పుడల్లా చక్రం వంక చూడలేదు, ఆవిడ మొహం చూశాను. మొదటిది కొట్టింది, గడ్డం కిందికి ఆడించింది. రెండోదీ అంతే. లారీలవన్నిటికీ అలాగే ఆడించింది.

వ్యాను చక్రం కొట్టింది. మొహంలో ఏమీ మారలేదు. ఇంకోవైపుకి వెళ్ళి కొట్టింది. అప్పుడు మారింది. సుత్తి కింద పెట్టి, చెంగుతో నోరు మూసుకుని బయటికి వెళ్ళిపోయింది. వ్యాను డ్రైవరు నా పక్కనే ఉన్నాడు. ముందు రోజు సాయంత్రం బండి నిండా పిల్లలతో వంతెన ఎక్కించాడట. అతను ఏదో అంటూనే ఉన్నాడు, నాతోనే, నా చొక్కా పట్టుకుని. ఏమంటున్నాడో వినపడలేదు. వినపడి ఉంటే బాగుండేది. పడాల్సిన తిట్లు కూడా పడలేకపోయాను.

పొడి జల్లితే గీత వచ్చింది. నీ దాని కంటే పొడుగు.

లేత్ గది తాళం ఓనరమ్మ బల్ల మీద పెట్టి వచ్చాను. ఆవిడ అడగలేదు. వెనక్కి కూడా ఇవ్వలేదు.

మీ అమ్మకి నేనే రాశాను, అంతా, పోటీ సంగతితో సహా. అడిగితే అబద్ధం ఆడలేనని నీకు రాశాను చూడు, ఆ మాట నాకు గొంతులో ముల్లులా ఉంది. తిట్టాలనిపిస్తే తిట్టు. కాగితం మీద అయితే నాకు వినపడుతుంది.

మామయ్య


పళ్ళ ల్యాబు మీది గది,
చలి మొదలైంది

మామయ్యకు,

తిట్లు తర్వాత. అవి అమ్మ దగ్గర ఉన్నాయి, కర్రతో సహా వచ్చే వారం అక్కడికి బయలుదేరుతోంది. నన్ను తిట్టడం అయిపోయింది. పోటీ నుంచి నా పేరు తీసేయించి, ఆ తర్వాత పక్కన కూర్చుని చాలాసేపు నా అరికాళ్ళు చేతిలో పట్టుకుంది.

వ్యాను గురించి చదివాక రెండు రోజులు పళ్ళ పని చేయలేకపోయాను. చేసిన సెట్టు చేసినట్టే వంకర వస్తోంది. చెప్పి మంచి పని చేశావని రాద్దామని మొదలెట్టి, కొట్టేశాను. ఇంత ఆలస్యంగా చెప్పిన దాన్ని మంచి పని అనలేను. కానీ నువ్వు ఆ గదిలోకి వెళ్ళకపోయి ఉంటే ఆ మరుసటి సాయంత్రం ఏమయ్యేదో తలుచుకోలేను కూడా. ఈ రెండూ నిజమే, నీకు రెండూ చెబుతున్నాను.

మీ ఓనరమ్మకి ఉత్తరం రాశాను. కోపం తెచ్చుకోకు. ఆవిడ జవాబు నిన్న వచ్చింది, ఒక్క పంక్తి. 'కొయ్యడం ఆయన, తట్టడం నేను, ముందు చెవుల డాక్టరు.' తాళం సంగతి నీకు ఆవిడే చెబుతుంది.

పాత సామాన్ల కొట్లో పెద్దాయనకి సరిపోయే చక్రం ఒకటి దొరికింది. తుప్పు గీకి, ఈ గదిలోనే దూలానికి కట్టాను. కొడితే ఏమవుతుందో ఆలోచించలేదు. కింద మా ల్యాబు పక్కనే ఉన్న పళ్ళ డాక్టరు గదిలో కుర్చీలో పడుకున్న ముసలాయన తెరిచిన నోరు తెరిచినట్టే మెట్లెక్కి వచ్చాడు, వెనకాలే డాక్టరు. వాళ్ళు గుమ్మంలోకి వచ్చేసరికి కూడా మోగుతూనే ఉంది. ముగ్గురం నిలబడిపోయాం. మొదట గట్టిగా, తర్వాత సన్నగా, తర్వాత వినపడుతోందో లేదో తెలియనంతగా. ముసలాయన నోరు మూసి, అయిపోయిందా అని అడిగాడు. ఇంకా అవలేదు అన్నాను.

దీన్ని నేనే తీసుకొస్తున్నాను, లారీలో వేయను. గంటలా మోగింది మామయ్యా. చెయ్యి తీసేసి కొట్టాను.

నీ గిలక